లద్దాఖ్‌లో ట్రెకింగ్

హిమాలయాల ప్రధాన శ్రేణికి ఉత్తరాన, వాన దాదాపు కురవని ఎత్తైన కొండల్లో, లోయల వెంట నడుస్తూ కనుమలు దాటుతూ రోజుల తరబడి సాగే పాదయాత్ర లద్దాఖ్ ట్రెకింగ్. 2019 అక్టోబరు 31న కేంద్రపాలిత ప్రాంతమైన లద్దాఖ్ విస్తీర్ణం సుమారు 59 వేల చదరపు కిలోమీటర్లు. జనాభా 2011 లెక్కల ప్రకారం 2.74 లక్షలు మాత్రమే. ఇంత విశాలమైన నేలలో జనం కొద్దిపాటి ఒయాసిస్సుల్లో నివసిస్తారు. ఒక ఒయాసిస్సు నుంచి మరొకదానికి పోయే పాత దారులే నేటి ట్రెకింగ్ మార్గాలు. గఢ్‌వాల్, నేపాల్ కొండల్లో అడవి నీడన, జలగల మధ్య, వానలో నడవాల్సి రావచ్చు. లద్దాఖ్‌లో ఆ ఇబ్బంది లేదు. ఇక్కడ నడకను శాసించేవి రెండే: నీరు, ఎత్తు.

నేల, వాతావరణం

దక్షిణం నుంచి ఉత్తరానికి మహా హిమాలయాలు, జంస్కార్ శ్రేణి, లద్దాఖ్ శ్రేణి, కారకోరం దాదాపు సమాంతరంగా సాగుతాయి. జంస్కార్, లద్దాఖ్ శ్రేణుల నడుమ సింధునది, లద్దాఖ్ శ్రేణికీ కారకోరానికీ మధ్య నుబ్రా, శ్యోక్ నదులు ప్రవహిస్తాయి. భారత భూఫలకం ఆసియాను ఢీకొనడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళయింది. ఆ రెండు ఖండాలు కలిసిన అతుకు సింధు లోయ వెంటే పోతుంది. నదికి ఉత్తరాన బూడిదరంగు గ్రానైట్ కొండలున్నాయి. దక్షిణాన ఒకనాటి టెథిస్ సముద్రపు అడుగున పేరుకున్న సున్నపురాయి, షేల్ పొరలు మడతలు పడి నిలబడ్డాయి. మధ్యలో ఊదా, ఎరుపు రంగుల ఇసుకరాయి పొరలు కొన్నిచోట్ల నిట్టనిలువుగా కనిపిస్తాయి. చెట్టుచేమల కప్పు లేనందున ఈ రాతి నిర్మాణమంతా కంటికి తెలుస్తుంది. నడిచేవారికి దాని వల్ల వచ్చే చిక్కు కాలికింది జారుడు రాళ్ళ వాలు.

నైరుతి రుతుపవనాల మేఘాలు హిమాలయాల దక్షిణ వాలు మీదే వర్షించి ఖాళీ అవుతాయి. అందువల్ల లద్దాఖ్ వర్షచ్ఛాయలో ఉండిపోయింది. లేహ్ పట్టణంలో వానా మంచూ కలిపి ఏడాదికి 100 మి.మీ. దరిదాపుల్లో పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కరవుకు మారుపేరైన అనంతపురం ప్రాంతంలో సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. అని గుర్తుచేసుకుంటే ఆ పొడితనం ఎంతటిదో తెలుస్తుంది. జులై, ఆగస్టుల్లో లేహ్‌లో పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్‌కు చేరవచ్చు. అదే రోజు రాత్రి 4,700 మీటర్ల ఎత్తున ఉన్న విడిదిలో నీళ్ళు గడ్డకట్టవచ్చు. కిలోమీటరు ఎత్తు పెరిగితే గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతానికి పైగా పెరుగుతుంది. మధ్యాహ్నం దాటాక లోయల్లో దుమ్ముతో కూడిన బలమైన గాలి మొదలవుతుంది. అందుకే ఇక్కడ నడక తెల్లవారుజామునే మొదలై రెండు, మూడు గంటలకల్లా ముగుస్తుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు ప్రధాన కాలం. జూన్‌లో ఎత్తైన కనుమల మీద పాత మంచు మిగిలి ఉంటుంది.

చరిత్ర

ఈ దారులు విహారానికి పుట్టినవి కావు. లేహ్ శతాబ్దాల పాటు మధ్య ఆసియా, టిబెట్, కశ్మీర్, పంజాబ్ వర్తకులు కలిసే బజారు. మధ్య ఆసియాలోని యార్కండ్‌కు పోయే బిడారులు ఖర్దుంగ్ లా, సాసర్ లా, 5,540 మీటర్ల కారకోరం కనుమ దాటి వెళ్ళేవి. చాంగ్‌తాంగ్ పీఠభూమి నుంచి పశ్మీనా ఉన్ని లేహ్ మీదుగా కశ్మీర్ మగ్గాలకు చేరేది. త్సో కార్ సరస్సు ఒడ్డున తీసిన ఉప్పును గొర్రెల మీద మోయించి యవలకు మార్చుకునేవారు. గుర్రాలు ఎక్కడ మేయగలవు, నీరు ఎక్కడ దొరుకుతుంది అన్న లెక్కతోనే ఆ మజిలీలు ఏర్పడ్డాయి. నేటి విడిదులు చాలావరకు అవే.

ఐరోపావారిలో విలియం మూర్‌క్రాఫ్ట్ 1820లో లేహ్ చేరి రెండేళ్ళ పాటు ఉన్నాడు. హంగరీ పండితుడు చోమా డి కొరోష్ 1823లో జంస్కార్‌కు నడిచి వచ్చి జంగ్లా కోటలో చలికాలం గడిపాడు. టిబెటన్ భాష నేర్చుకుని, తరవాతి కాలంలో ఆ భాషకు నిఘంటువు, వ్యాకరణం ప్రకటించాడు. వృక్షశాస్త్రజ్ఞుడు థామస్ థామ్సన్ 1848లో కారకోరం కనుమకు చేరాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో సరిహద్దులు మూతపడి బిడారు వర్తకం ఆగిపోయింది. 1960ల ఆరంభంలో శ్రీనగర్–లేహ్ రహదారి సైనిక అవసరాల కోసం వచ్చింది. 1974లో లద్దాఖ్‌ను పర్యాటకులకు తెరిచారు. ఆ ఏడాది వచ్చినవారు 527 మంది. 2022లో ఆ సంఖ్య ఐదు లక్షలు దాటింది. మనాలీ–లేహ్ దారి 1989లోనూ, నుబ్రా, పాంగోంగ్, త్సో మోరీరీ వంటి సరిహద్దు ప్రాంతాలు 1990ల మధ్యలోనూ తెరుచుకున్నాయి.

నీరు, నడక

లద్దాఖ్‌లో తాగునీరైనా సాగునీరైనా దాదాపు మొత్తం హిమానీనదాలు, చలికాలపు మంచు కరగడం వల్ల వచ్చేదే. కొండ నుంచి దిగిన వాగు లోయలోకి విచ్చుకునే చోట, విసనకర్ర ఆకారపు మేట నేల మీద ఊరు ఉంటుంది. అక్కడ యవల పొలాలు, విల్లో, పోప్లార్ చెట్లు, తక్కువ ఎత్తులో ఆప్రికాట్ తోటలు పెంచుతారు. పిల్లకాలువలు ఆగిన చోటే పచ్చదనం గీత గీసినట్టు ఆగిపోతుంది. ఏ పొలానికి ఎప్పుడు నీరు వదలాలో చూడడానికి ఊరు ఎన్నుకునే చుర్పోన్ ఉంటాడు. మన చెరువుల కింద నీరుకట్టు చేసే పని అది.

ఊళ్ళ మధ్య నీరు లేని దూరాలు ఎక్కువ. కనుమకు ఇరువైపులా ఆఖరి నీటి వనరు ఎక్కడుందో తెలుసుకుని, ఆ ఎడం మొత్తానికీ సరిపడా నింపుకోవాలి. గాలి పొడిగా ఉన్నందున చెమట పట్టిన సంగతి తెలియకుండానే ఆరిపోతుంది. వేగంగా పీల్చి వదిలే శ్వాసతో కూడా తేమ పోతుంది. దాహం ఆలస్యంగా వేస్తుంది. రోజుకు మూడు, నాలుగు లీటర్ల నీరు అవసరమని సాధారణంగా లెక్కిస్తారు. వాగు నీరు తేటగా కనిపించినా పైన పశువులు మేస్తుంటాయి కాబట్టి కాచడం, వడపోయడం, క్లోరిన్ మాత్రలు వేయడం ఏదో ఒకటి తప్పదు. 4,700 మీటర్ల ఎత్తున నీరు సుమారు 84 డిగ్రీలకే మరుగుతుంది. రోగకారక క్రిములు చావడానికి అది చాలు, పప్పు ఉడకడానికి చాలదు. వంటవాళ్ళు గుర్రం మీద ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్ళేది అందుకే.

నీరు లేకపోవడం ఒక సమస్య అయితే, వేళ కాని వేళ ఎక్కువ కావడం మరొకటి. హిమానీనదం నుంచి వచ్చే వాగు తెల్లవారుజామున సన్నగా ఉంటుంది. ఎండకు మంచు కరిగి సాయంత్రానికి ఉరవడి పెరుగుతుంది. పిక్కలోతు నీరు ఆరు గంటల తేడాతో తొడలదాకా రావచ్చు. ఉదయాన్నే దాటడం, చెప్పులు లేదా పాత బూట్లు తొడుక్కుని దిగడం, వీపు సంచి నడుము పట్టీ విప్పి ఉంచడం, కర్ర ఆనించి ఎగువకు ముఖం పెట్టి అడ్డంగా అడుగులు వేయడం అక్కడి పద్ధతి. నీరు ఉధృతంగా ఉంటే ఒడ్డునే గుడారం వేసుకుని తెల్లవారేదాకా ఆగుతారు.

వాన అరుదు కావడం వల్ల పడినప్పుడు ప్రమాదం ఎక్కువ. వేళ్ళు పట్టుకోని వదులు మట్టి క్షణాల్లో బురద ప్రవాహమవుతుంది. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి దాటాక కురిసిన కుంభవృష్టితో లేహ్, చోగ్లమ్సర్, చుట్టుపక్కల ఊళ్ళలో 200 మందికి పైగా మరణించారు. దారులు, వంతెనలు కొట్టుకుపోయి ట్రెకింగ్‌కు వెళ్ళినవారు లోయల్లో చిక్కుకుపోయారు. 2014 డిసెంబరు 31న జంస్కార్‌లో కొండచరియ విరిగి ఫుగ్తాల్ నదికి అడ్డుపడింది. ఆ అడ్డుకట్ట వెనుక సరస్సు ఏర్పడి, 2015 మే 7న తెగి దిగువన వంతెనలను తీసుకుపోయింది. పొడి వాగు గర్భంలో గుడారం వేయకూడదన్న నియమం ఇలాంటి అనుభవాల నుంచి వచ్చింది.

మార్గాల రకాలు

ఊరి నుంచి ఊరికి సాగే నడకల్లో లిఖిర్–తెమిస్‌గామ్ దారి ప్రసిద్ధం. సింధు లోయకు ఉత్తరాన ఉన్న శామ్ ప్రాంతంలో యాంగ్‌తాంగ్, హెమిస్ శుక్పాచన్ మీదుగా మూడు, నాలుగు రోజుల్లో పూర్తవుతుంది. కనుమలన్నీ 4,000 మీటర్ల లోపే. హెమిస్ శుక్పాచన్‌లో పవిత్రంగా కాపాడే పాత జునిపర్ చెట్ల తోపు ఉంది. చెట్లు ఇంత అరుదైన చోట అదొక విశేషమే. ఈ మార్గాన్ని తేలికైనదిగా చెబుతారు కానీ నీడ అన్నది లేనందున మిట్టమధ్యాహ్నపు ఎండ అలసట తెస్తుంది.

లోయ వెంట పోయి కనుమ దాటే తరహాకు మార్ఖా లోయ ఉదాహరణ. జింగ్‌చెన్, రుంబాక్ మీదుగా సుమారు 4,900 మీటర్ల గండా లా దాటితే స్కియూ వస్తుంది. అక్కడి నుంచి మార్ఖా, హంకర్ ఊళ్ళు దాటి నీమాలింగ్ పచ్చిక బయలు చేరి, సుమారు 5,200 మీటర్ల కొంగ్మారూ లా ఎక్కి శాంగ్ సుమ్దో వైపు దిగుతారు. ఆరు నుంచి ఎనిమిది రోజులు పడుతుంది. నీమాలింగ్ నుంచి 6,400 మీటర్ల కాంగ్ యాత్సే శిఖరం ఎదురుగా కనిపిస్తుంది. ఈ మార్గంలో ఎక్కువ భాగం 1981లో ఏర్పడిన హెమిస్ జాతీయ ఉద్యానంలోనే ఉంది. కనుమను లా అని, సంగమాన్ని సుమ్దో అని, సరస్సును త్సో అని అంటారు. ఈ మూడు మాటలు తెలిస్తే పటంలో సగం అర్థమవుతుంది.

చాంగ్‌తాంగ్ నడకల స్వభావం వేరు. రుమ్‌త్సే నుంచి త్సో కార్ మీదుగా త్సో మోరీరీ ఒడ్డున ఉన్న కోర్జోక్ వరకు సాగే దారిలో ఊళ్ళు లేవు. మొదలే 4,000 మీటర్లకు పైన, దాటే కనుమలు చాలావరకు 5,000 మీటర్లకు పైన ఉంటాయి. యాక్ వెంట్రుకలతో నేసిన నల్లని రెబో గుడారాల్లో ఉండే చాంగ్‌పా పశుపాలకులు ఎదురవుతారు. త్సో కార్ నీరు ఉప్పగా ఉండి తాగడానికి పనికిరాదు. విడిది సరస్సును చూసి కాక, దానిలో కలిసే మంచినీటి ఊటను చూసి ఎంచుకోవాలి. ఈ సరస్సులు రెండూ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో ఉన్నాయి: త్సో మోరీరీ 2002లో, త్సో కార్ 2020లో చేరాయి.

లామాయూరు నుంచి పదుమ్ మీదుగా హిమాచల్‌లోని దార్చా వరకు జంస్కార్‌ను అడ్డంగా దాటే నడకకు ఒకప్పుడు మూడు వారాల దాకా పట్టేది. గుహ నోటిలో కట్టిన ఫుగ్తాల్ మఠం, 5,091 మీటర్ల శింకూ లా ఆ దారిలోనివే.

చలికాలపు నడకల్లో పేరున్నది చాదర్. జనవరి, ఫిబ్రవరి నెలల్లో జంస్కార్ నది ఉపరితలం గడ్డకట్టినప్పుడు ఆ మంచు పలక మీద నడుస్తారు. కనుమలు మూసుకుపోయిన కాలంలో జంస్కార్‌వాసులు వెన్న అమ్ముకోవడానికీ, పిల్లలను చదువుకు పంపడానికీ లేహ్ చేరుతూ వచ్చింది ఈ దారినే. ఇప్పుడు యాత్రికులు ముందుగా లేహ్‌లో ఆగి వైద్య పరీక్ష చేయించుకోవాలి. మంచు ప్రతిరోజూ మారుతుంది కాబట్టి కర్రతో తట్టి గట్టిదనం పోల్చుకోగల స్థానికులు ముందు నడుస్తారు.

శిఖరారోహణ వేరే అంశం. 6,000 మీటర్లు దాటిన శిఖరాలకు అనుమతులు, తాళ్ళు, మంచు పరికరాలు కావాలి.

ఎత్తు, శరీరం

గాలిలో ఆక్సిజన్ వంతు ఎక్కడైనా 21 శాతమే. ఎత్తు పెరిగేకొద్దీ తగ్గేది పీడనం. లేహ్‌లో అది సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు, కొంగ్మారూ లా మీద సగం. కొత్త ఎత్తుకు చేరిన శరీరం మొదట శ్వాస వేగం పెంచుతుంది. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి క్షారత పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను విసర్జిస్తాయి. మూత్రం ఎక్కువగా రావడం అలవాటు పడుతున్నదనడానికి ఒక గుర్తు. నిద్రలో శ్వాస కాసేపు ఆగి మళ్ళీ వేగంగా మొదలవడం కూడా మామూలే. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, నిస్సత్తువ తొలి దశ అస్వస్థతకు లక్షణాలు. ఆగి విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి, రెండు రోజుల్లో తగ్గుతుంది. ముదిరితే రెండు ప్రాణాంతక రూపాలున్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నా ఆయాసం, దగ్గు, నురగతో కూడిన కళ్ళె కనిపిస్తాయి. మెదడు వాస్తే తడబాటు, గందరగోళం వస్తాయి. మడమను బొటనవేలికి ఆనిస్తూ గీత మీద నడవమని అడగడం దీనికి సులువైన పరీక్ష. రెండింటికీ మొదటి చికిత్స వెంటనే కిందికి దించడం. ఆక్సిజన్, మందులు దిగడానికి సాయపడతాయే గాని దానికి బదులు కావు. 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు, నాలుగు రోజులకొకసారి ఆగాలనీ పర్వత వైద్య మార్గదర్శకాలు సూచిస్తాయి. అసిటజోలమైడ్ అనే మందు ముందుజాగ్రత్తగా వాడతారు. సల్ఫా మందులు పడనివారు ఉంటారు కాబట్టి వైద్యుణ్ణి అడిగే వేసుకోవాలి.

విమాన ప్రయాణం ఈ విషయంలో చిక్కు తెస్తుంది. 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్ నుంచి బయలుదేరినవారు ఢిల్లీలో విమానం మారి అదే రోజు 3,500 మీటర్ల లేహ్‌లో దిగుతారు. మొదటి రెండు రోజులు లేహ్‌లోనే విశ్రాంతిగా గడపడం తప్పనిసరి. శరీర దారుఢ్యం దీనికి రక్షణ కాదు. బలంగా ఉన్నవారు తొందరగా ఎక్కి మరింత ఇబ్బంది పడిన సందర్భాలున్నాయి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన తెలంగాణ విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌ల శిక్షణ భువనగిరి గుట్ట మీద మొదలై, డార్జిలింగ్, లద్దాఖ్ కొండల్లో కొనసాగింది. చలికీ ఎత్తుకూ అలవాటు పడడమే లద్దాఖ్ దశ ఉద్దేశం.

ఏర్పాట్లు, వసతి

పూర్వపు పద్ధతిలో గుర్రాలవాడు, వంటవాడు, మార్గదర్శి బృందంగా వస్తారు. ఒక గుర్రం 50–60 కిలోల దాకా మోస్తుంది. మార్ఖా, శామ్ ప్రాంతాల్లో ఇంటి వసతి విస్తరించాక గుడారం లేకుండా నడవడం వీలైంది. రించెన్ వాంగ్‌చుక్ నాయకత్వాన స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ 2000 దశకం తొలినాళ్ళలో రుంబాక్ వంటి ఊళ్ళలో దీన్ని ప్రోత్సహించింది. దొడ్లో దూరి గొర్రెలను చంపే మంచు చిరుతను రైతులు శత్రువుగా చూసేవారు. ఆ చిరుత కోసం వచ్చే అతిథుల వల్ల ఆదాయం రావడం, దొడ్లకు ఇనుప వల కప్పు వేయించడం ఆ వైరాన్ని తగ్గించాయి. అతిథులను ఇళ్ళవారు వంతుల ప్రకారం పంచుకుంటారు. వేయించిన యవల పిండి, ఉప్పూ వెన్నా వేసిన టీ, థుక్పా అనే నూడుల్స్ సూపు భోజనంలో ఉంటాయి. మహిళలే మార్గదర్శులుగా నడిపే సంస్థను తిన్లస్ చోరోల్ 2009లో స్థాపించారు.

ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. ఊళ్ళు దాటితే ఏ సిగ్నలూ ఉండదు. అనుమతి లేని శాటిలైట్ ఫోన్ వెంట ఉంచుకోవడం నేరం. కాబట్టి తిరిగి వచ్చే తేదీని లేహ్‌లో ఎవరికైనా చెప్పి వెళ్ళడమే ఆధారం.

జీవజాలం, ఆచారాలు

వాగుల వెంట సీబక్‌థార్న్ ముళ్ళ పొదలు, అడవి గులాబీ, విల్లో, వాలుల మీద మాచిపత్రి జాతి మొక్కలు, ఎఫెడ్రా పెరుగుతాయి. భరల్ అనే నీలి గొర్రెలు, ఐబెక్స్, మార్మట్‌లు తరచుగా కనిపిస్తాయి. చాంగ్‌తాంగ్‌లో కియాంగ్ అనే అడవి గాడిదలు, నల్లమెడ కొంగలు ఉంటాయి. మంచు చిరుత వేసవి నడకలో కనబడడం అరుదు. దాన్ని చూడాలనుకునేవారు చలికాలంలో రుంబాక్, ఉలే వైపు వెళ్తారు.

దారి పక్కన మంత్రాక్షరాలు చెక్కిన రాళ్ళ మణి గోడలు, చోర్టెన్‌లు అనే స్తూపాలు ఎదురైతే వాటిని కుడివైపున ఉంచుకుని సాగుతారు. కనుమ శిఖరాన రాళ్ళ గుట్ట, ప్రార్థన జెండాలు ఉంటాయి. మంచు, పొగమంచు కమ్మినప్పుడు దారి పోల్చుకునే గుర్తు కూడా అదే. మణి రాళ్ళను కదపడం, తీసుకుపోవడం తప్పుగా భావిస్తారు.

ప్రభావం, మార్పులు

ఒక గుడారాల మైదానం తాగే నీరు దిగువ ఊరి పొలం నీరే. లేహ్‌కు దగ్గరగా ఉన్న 6,153 మీటర్ల స్తోక్ కాంగ్రీ ఎక్కేవారి సంఖ్య పెరిగి, విడిది చుట్టూ చెత్త, మలినం పేరుకున్నాయి. దిగువన స్తోక్ గ్రామానికి ఆ కొండ మీది హిమానీనదమే ఆధారం. నీరు తగ్గుతున్నదని, పాడవుతున్నదని చెప్పి 2020లో శిఖర మార్గాన్ని మూసివేశారు. సంప్రదాయ లద్దాఖీ మరుగుదొడ్డి నీరు లేనిది, మట్టీ బూడిదా కలిసి ఎరువయ్యేది. నీటితో కడిగే మరుగుదొడ్లు వచ్చింది అతిథి గృహాలతో పాటే. నీటి కొరతను ఎదుర్కోవడానికి ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ 1980ల నుంచి కృత్రిమ హిమానీనదాలు కట్టించారు. చలికాలంలో వృథాగా పోయే వాగునీటిని అడ్డుకట్టల వెనుక గడ్డకట్టించి, విత్తే వేళకు కరిగేలా చేయడం దాని పద్ధతి. సోనమ్ వాంగ్‌చుక్ 2013 నుంచి శంఖాకారపు మంచు స్తూపాలతో దానికి మరో రూపమిచ్చారు.

మోటారు దారులు ట్రెకింగ్ పటాన్ని తిరగరాస్తున్నాయి. ఊళ్ళవారికి రహదారి ఆసుపత్రి, బడి, అంగడి. గుర్రాలవారికి, ఇంటి వసతి ఇచ్చేవారికి మాత్రం అది మజిలీ కోల్పోవడమే. మార్ఖా లోయలోకి జీపు దారి చొచ్చుకురావడంతో చాలామంది నడకను స్కియూకు పైనుంచే మొదలుపెడుతున్నారు. నిమ్మూ–పదుమ్–దార్చా రహదారి 2024లో అనుసంధానమైంది. శింకూ లా కింద 4.1 కిలోమీటర్ల సొరంగానికి అదే ఏడాది జులై 26న తొలి పేలుడు జరిపారు. ఒకప్పటి మూడు వారాల జంస్కార్ నడకలో చాలా భాగం ఇప్పుడు వాహనాల దుమ్ములో ఉంది. నడిచేవారు ఫుగ్తాల్ వైపు పక్కలోయలకూ, ఇంకా రోడ్డు చేరని ఎత్తైన కనుమలకూ మళ్ళుతున్నారు.